కాళ్ళకు కట్టుకునే రెక్కలు

మా చిన్నమ్మాయి పోయిన సంక్రాంతి వెళ్ళాక స్నేహితురాళ్ళతో కలిసి అండమాన్ వెళ్ళింది. సముద్రంలో దిగి పగడపు దిబ్బలు చూడాలని వాళ్ళకి ఎప్పట్నుంచో కోరిక. మూడోరోజు సాయంత్రం ఫోన్ చేసింది. గొంతులో వెళ్ళేటప్పటి ఉత్సాహం లేదు. "అమ్మా, నా కాళ్ళల్లో బలం లేదటమ్మా" అంది.

సంగతేమిటంటే, నీళ్ళ అడుగున ఈదేవాళ్ళు కాళ్ళకు తొడుక్కునే ఫిన్స్ ఉంటాయి కదా, అక్కడివాళ్ళు దీనికి ఒక పాత జత ఇచ్చారట. నల్ల రబ్బరువి, మీద పేరు కూడా చెరిగిపోయినవి, రెండు చేతులతో పట్టుకుని వంచినా వంగనివి. పావుగంట ఈదేసరికి పిక్క పట్టేసింది. నేర్పే అబ్బాయి జాగ్రత్తగానే పైకి తీసుకొచ్చాడు గానీ, ఆడపిల్లల కాళ్ళు ఇంతేనని నవ్వాడట. ఆఫీసులో లిఫ్టు ఎక్కకుండా రోజూ ఆరంతస్తులు మెట్లెక్కే పిల్ల అది.

నాకు ఈత రాదు. గోదావరి పక్క ఊళ్ళో పుట్టి కూడా కార్తీక స్నానానికి నడుం లోతు దాటి వెళ్ళినదాన్ని కాదు. చదివింది తెలుగు బి.ఏ. అయినా ఆ మాట నన్ను వదల్లేదు. రోకలి మరీ బరువైతే దంచేవాళ్ళ చేతుల్లో పస లేదంటారా, రోకలి మార్చమంటారా? ఆ ఉక్రోషంతోనే వెతకడం మొదలుపెట్టాను. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక, రాత్రి అందరూ పడుకున్నాక, రెండు నెలలు చదివాను. మావారు "ఈ వయసులో సముద్రంలో దిగుతావా ఏమిటి" అని ఆటపట్టించారు కూడా. ఈ ఫిన్స్‌కి వందేళ్ళు దాటిన కథ ఉంది. అవి ఎంత గట్టిగా ఉండాలన్న ప్రశ్న ఆ కథలో మొదటినుంచీ ఉంది. జవాబు చెప్పినవాళ్ళు మాత్రం చాలాకాలం ఒకే రకం కాళ్ళున్నవాళ్ళు.

ముందు పేరు సంగతి చెప్పాలి. చేప రెక్కకి మన పాఠ్యపుస్తకాల్లో 'వాజం' అనే చక్కని మాట ఉంది. మనుషులు తొడుక్కునేదానికి మాత్రం మనకు మాటే లేదు, ఫిన్స్ అనే అంటున్నాం. ఫ్రెంచివాళ్ళు దీన్ని 'పామ్' అంటారు. తాటి, కొబ్బరి జాతి చెట్ల ఆకుకి కూడా వాళ్ళ భాషలో అదే మాట. కొరియావాళ్ళు 'ఒరిబల్' అంటారు, అంటే బాతుకాలు. అమెరికాలో వాయిట్ అనే కంపెనీ ఒకప్పుడు బాగా పేరుపడిన తన ఫిన్స్‌కి 'డక్ ఫీట్' అని పేరు పెట్టింది, అదీ బాతుకాళ్ళే. సముద్రానికి ఆ ఒడ్డునా ఈ ఒడ్డునా మనుషులకు ఒకే పోలిక తోచడం నాకు భలే ముచ్చటేసింది.

నాకు నచ్చింది మాత్రం ఆకు పోలిక. ఎందుకంటే ఫిన్ ఎలా పనిచేస్తుందో నాకు అర్థమైంది మా అత్తయ్యగారి విసనకర్ర వల్ల. కరెంటు పోయే ఎండాకాలాల్లో ఆవిడ సంతలో తాటాకు విసనకర్ర కొనేటప్పుడు రంగూ అంచూ చూసేవారు కాదు. రెండు వేళ్ళతో కొస పట్టుకుని కొంచెం వంచి వదిలేవారు. వేలాడిపోతే పక్కన పెట్టేసేవారు, గాలి రాదని. అసలు వంగకపోతే అదీ పక్కన పెట్టేవారు, మణికట్టు పట్టేస్తుందని. వంగి, చటుక్కున తిరిగి లేచేదే ఆవిడకి కావాలి.

నీళ్ళలోనూ అంతే. కాలు కిందికి కొట్టినప్పుడు ఫిన్ రేకు కొంత వంగితే దాని ముఖం వెనక్కి తిరుగుతుంది. అప్పుడు నీళ్ళు వెనక్కి పోతాయి, మనిషి ముందుకు వెళతాడు. అసలు వంగని రేకు నీళ్ళని పైకీ కిందికీ తోస్తుంది. కాలికి కష్టం పూర్తిగా ఉంటుంది, ముందుకు పోవడం మాత్రం అంత ఉండదు. మరీ మెత్తని రేకు దెబ్బకి పూర్తిగా వాలిపోయి నీళ్ళలోంచి జారిపోతుంది. ఈ రెండిటి మధ్య ఎక్కడో సరైన చోటు ఉంది. ఆ చోటు అందరికీ ఒకటి కాదు. కాలి బలాన్ని బట్టి, కొట్టే వేగాన్ని బట్టి, కొట్టే తీరుని బట్టి మారుతుంది. రేకు పొడుగూ అంతే ముఖ్యం. పొడుగు పెరిగేకొద్దీ అది మీటలాగా పనిచేసి, కొసన పడే నీటి బరువునంతా చీలమండ మీదికీ పిక్క మీదికీ తెచ్చిపెడుతుంది. అందుకే ముందు పట్టేసేది పిక్క.

ఈ తగువుని నాకు దొరికినంతలో మొదట కాగితం మీద పెట్టినవాడు బెంజమిన్ ఫ్రాంక్లిన్. అమెరికా స్వాతంత్ర్యం, పిడుగు, గాలిపటం వగైరా పాఠాల్లో చదువుకున్న ఆయనే. బోస్టన్‌లో చిన్నపిల్లవాడిగా ఉన్నప్పుడు, చిత్రకారులు రంగులు కలుపుకునే పలకల్లాంటి రెండు చెక్కలు చేసుకున్నాడు. పది అంగుళాల పొడవు, ఆరు అంగుళాల వెడల్పు, బొటనవేలు దూర్చడానికి కన్నం. వాటిని చేతులతో పట్టుకుని ఈదితే వేగం పెరిగింది, కానీ మణికట్లు అలసిపోయాయి. అరికాళ్ళకు కూడా చెప్పుల్లాంటివి కట్టి చూశాడు. అవి ఆయనకు తృప్తినివ్వలేదు. ఈతలో తోపు ఒక్క అరికాలితో రాదు, పాదం లోపలి వైపు నుంచీ చీలమండ నుంచీ కూడా వస్తుంది కదా అని ఆయనే కారణం కనిపెట్టాడు. ఇదంతా 1773లో ఒక ఫ్రెంచి మిత్రుడికి రాసిన ఉత్తరంలో ఉంది. వేగం వచ్చింది, అలుపూ వచ్చింది. మా అమ్మాయి గొడవ కూడా అదే కదా! చెక్క వంగదు, అసలు చిక్కు అక్కడే ఉంది. వంగేది కావాలంటే రబ్బరు రావాలి.

రబ్బరు కథ మన వంటింటి పాకం కథ. పచ్చి రబ్బరు ఎండకి జిగటగా సాగుతుంది, చలికి పెళుసెక్కుతుంది. 1839లో ఛార్లెస్ గుడ్‌ఇయర్ దాంట్లో గంధకం కలిపి కాస్తే ఆ అవలక్షణం పోతుందని కనుక్కున్నాడు. అక్కణ్ణుంచి అంతా పాకం పట్టడమే. గంధకం తక్కువైతే లేతపాకం, బాగా సాగుతుంది. ఎక్కువైతే ముదురుపాకం, ఇంకా ఎక్కువైతే చెక్కలా బిగుసుకుపోతుంది. బలానికి మసి కూడా కలుపుతారు, పాత ఫిన్స్ చాలావాటికి ఆ నల్లరంగు దానివల్లే. అంటే ఫిన్ ఎంత గట్టిగా ఉండాలన్నది దేవుడు పెట్టిన లెక్క కాదు. ఎవరి కాలి కోసమో ఎవరో కూర్చుని ఎంచుకున్న పాకం.

ఎంచుకున్నవాళ్ళలో మొదటివాడు లూయీ ద కొర్లియు అనే ఫ్రెంచి నౌకాదళ అధికారి. 1914లోనే తోటి అధికారుల ముందు తన ఫిన్స్ తొడుక్కుని ఈది చూపించాడు. ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. 1924లో ఉద్యోగం వదిలేసి దీనిమీదే కూర్చున్నాడు. పేటెంటు వచ్చింది 1933లో, పెద్ద ఎత్తున తయారీ మొదలైంది 1939లో. అంటే చూపించిన రోజు నుంచి పాతికేళ్ళు! ఆయన ఇంట్లోవాళ్ళు ఆ పాతికేళ్ళు ఎలా నెట్టుకొచ్చారో అని నాకు పాడు ఆలోచన వచ్చింది. ఉద్యోగం మానేసిన మొగుణ్ణి భరించడం మాటలు కాదు. పేటెంటులో ఆయన పెట్టిన పేరు చూడండి, ఈతకూ రక్షణకూ ఉపయోగపడే తోపుడు సాధనాలని. మునిగిపోయేవాళ్ళని కాపాడటం ఆయన మనసులో ఉన్న పని.

అదే రోజుల్లో అమెరికాలో ఓవెన్ చర్చిల్ అనే పడవ పందేల మనిషి ఉండేవాడు. బ్రిటన్ ప్రధానమంత్రి చర్చిల్ కాదు సుమా. ఈయన 1932 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో పడవ పందెంలో బంగారు పతకం గెలిచిన జట్టువాడు. తహితీ దీవిలో కుర్రాళ్ళు ఆకులు అల్లి, తారు పట్టించి గట్టిపరిచి, కాళ్ళకు కట్టుకుని ఈదడం చూశాడని ఆయన గురించి ఒక కథ చెబుతారు. ఆకు ఒక్కటీ ఉంటే వాలిపోతుంది, తారు పడితే నిలబడుతుంది. మా అత్తయ్యగారు వింటే ఆ కుర్రాళ్ళని మెచ్చుకునేవారు. చర్చిల్ తానూ తయారుచేద్దామని చూసేసరికి కొర్లియు పేటెంటు అడ్డొచ్చింది. ఆయన దగ్గరే అనుమతి కొనుక్కుని 1940లో అమ్మకం మొదలుపెట్టాడు. మొదటి ఏడాది వెయ్యి జతలు కూడా పోలేదు.

చర్చిల్ ఫిన్ పొట్టిది, దళసరిది, ఒక పక్క పొడుగు ఒక పక్క కురచ, మడమ వెనక రబ్బరు పట్టీ. పొట్టిది కాబట్టి మీట బరువు తక్కువ, దళసరిది కాబట్టి గట్టిదే. అలల మీద ఒక్క ఊపున ముందుకు దూకడానికి అది బాగా పనికొస్తుంది. ఒంటితోనే అలల మీద జారే ఆటగాళ్ళు ఇప్పటికీ ఆ నమూనాని వాడుతున్నారు. దూరం ఈదడానికి మాత్రం అది పుట్టలేదు.

తర్వాత రెండో ప్రపంచ యుద్ధం. 1942లో మలయా, డచ్చివారి తూర్పు దీవులు జపాను చేతిలో పడ్డాయి. ప్రపంచంలో సహజ రబ్బరు సింహభాగం వచ్చేది అక్కణ్ణుంచే. అమెరికాలో కారు టైర్లకి కూడా రేషను పెట్టారు. అలాంటి కరువులో కూడా ఫిన్స్‌కి రబ్బరు దొరికిందంటే కారణం సైన్యం. అమెరికా, బ్రిటన్ సేనలు తమ ఈతగాళ్ళ కోసం చర్చిల్ ఫిన్స్ కొన్నాయి. శత్రువుల తీరానికి రాత్రిపూట ఈదుకుంటూ వెళ్ళి, నీళ్ళలో పాతిన అడ్డంకుల్ని పేల్చడం వాళ్ళ పని. 'కప్పమనుషులు' అనే పేరు వాళ్ళతోనే వచ్చింది.

నా మటుకు నాకు అనిపించేది ఏమిటంటే, ఆ రోజుల్లోనే మంచి ఫిన్ అంటే గట్టి ఫిన్ అనే భావం మనసుల్లో పాతుకుపోయింది. ఇరవై, ఇరవై రెండేళ్ళ కుర్రాళ్ళు, వందలమందిలో ఏరి, నెలల తరబడి సాము చేయించి తయారుచేసినవాళ్ళు. వీపు మీద పేలుడు మందు మోస్తూ, ఎదురు ప్రవాహంలో, ప్రాణాల మీదికి తెచ్చుకుని ఈదేవాళ్ళు. వాళ్ళకి గట్టి ఫిన్ కావాల్సిందే, ఒక్క తన్నుకి దూరంగా పోవాలి. తప్పు వాళ్ళది కాదు. యుద్ధం అయిపోయాక వినోదానికి ఈదేవాళ్ళు కూడా అదే కొలతని పట్టుకోవడం దగ్గర వచ్చింది చిక్కు.

ఇటలీలో ఈ సంబంధం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. లూయీజీ ఫెర్రారో అనే ఆయన 1943లో టర్కీ రేవుల్లో ఒంటరిగా ఈదుకుంటూ వెళ్ళి, లంగరు వేసి ఉన్న సరుకు ఓడల అడుగున మైన్లు తగిలించి వచ్చాడు. పగలంతా కాన్సులేటు ఉద్యోగిలా నటించేవాడు. సినిమా తీయదగ్గ కథ. యుద్ధం అయ్యాక ఆ మనిషే, 1950ల మొదట్లో, జెనోవాలోని క్రెస్సీ సోదరుల కంపెనీకి 'రొందినే' అనే ఫిన్ గీసిచ్చాడు. రొందినే అంటే వాళ్ళ భాషలో వానకోయిల లాంటి చిన్నపక్షి, రెండుగా చీలిన తోక ఉంటుంది దానికి. పేరెంత అందంగా ఉందో వస్తువూ అంత తెలివైనది. అప్పటిదాకా ఎక్కువ ఫిన్స్‌కి మడమ దగ్గర పట్టీ ఉండేది. దీంట్లో పాదం మొత్తం బూటులోకి దూరినట్టు దూరుతుంది, రేకు పాదానికి కొంచెం ఏటవాలుగా కిందికి వంగి ఉంటుంది. మనం ఎంత సాచినా పాదం పిక్కతో పూర్తిగా ఒకే వరుసలోకి రాదు, ఆ లోటుని రేకు వంపు తీరుస్తుంది. మడమ దగ్గర కదలిక లేకపోవడంతో కాలు పెట్టిన బలం వృథా కాదు. అంటే ఫెర్రారో గట్టిదనం పెంచి కాదు, పాదం పట్టు సరిచేసి పని జరిపించాడు. ఈ కథలో నాకు చాలా నచ్చిన మలుపు ఇదే. ఓడలు ముంచిన చేతులు చేసిన మెత్తని పని.

ఈ లోపల ఫ్రాన్స్‌లో ఇంకో పెద్ద మార్పు. 1943లో జాక్ కూస్తో, ఎమీల్ గన్యాన్ కలిసి నీళ్ళ అడుగున గాలి పీల్చుకునే ఆక్వాలంగ్‌ని తయారుచేశారు. అందరికీ తెలిసిన పేర్లు అవి. తెలియనిది సిమోన్ పేరు. కూస్తో భార్య. గన్యాన్ పనిచేసిన ఎయిర్ లిక్విడ్ కంపెనీతో కూస్తోకి పరిచయం కుదిరింది ఆవిడ తండ్రి వల్లే, ఆయన ఉద్యోగం అక్కడే. తర్వాత కలిప్సో ఓడ యాత్రలకి డబ్బు చాలకపోతే ఆవిడ తన నగలు అమ్మింది. మొగుడి కంటే ఎక్కువ రోజులు ఆ ఓడ మీద గడిపింది. నగలు అమ్మి సంసారం నడిపిన ఆడవాళ్ళు మన ఊళ్ళలో ఇంటింటికీ ఉన్నారు, నగలు అమ్మి ఓడ నడిపిన ఇల్లాలు ఈవిడే అనుకుంటా.

ఆక్వాలంగ్ వచ్చాక ఫిన్‌కి పని పెరిగింది. వీపు మీద ఇనుప సిలిండరు, నడుముకి సీసం, గొట్టాలు. ఇంత సరంజామాతో మనిషి నీళ్ళని చీల్చుకుంటూ పోవడం కష్టం. దానికి తగ్గట్టు రేకులు వెడల్పయ్యాయి, దళసరెక్కాయి. ఆ తోవలో శిఖరం లాంటిది జెట్‌ఫిన్. మార్సే నగరంలో ఝోర్ఝ్ బ్యూషా 1964లో తెచ్చాడు. ఆ వెంటనే అమెరికాలో స్కూబాప్రో కంపెనీ ఆ నమూనాని తీసుకుంది, ఇప్పటికీ అమ్ముతోంది. అరవై ఏళ్ళుగా ఒక వస్తువు మారకుండా నిలబడటం మాటలా! పొట్టిగా, వెడల్పుగా, నల్లగా, పెద్ద సైజు జత రెండు కిలోల పైనే బరువు. నీళ్ళలో వదిలితే మునుగుతుంది. రేకు మొదట్లో కన్నాలు ఉంటాయి, కాలు వెనక్కి తీసుకునేటప్పుడు నీళ్ళు అందులోంచి పోయి భారం తగ్గుతుందని ఉద్దేశం.

జెట్‌ఫిన్‌ని తిట్టడానికి నేనీ వ్యాసం రాయడం లేదు. దాని పని దానికుంది. గుహల్లో ఈదేవాళ్ళూ, చలినీళ్ళలో గాలి నిండిన పొడి సూటు వేసుకునేవాళ్ళూ దాన్ని కళ్ళకద్దుకుంటారు. ఆ సూటులో కాళ్ళు పైకి తేలిపోతుంటాయి, ఈ బరువు వాటిని కిందికి పట్టి ఉంచుతుంది. వాళ్ళు కత్తెరలా పైకీ కిందికీ కొట్టరు, కప్పలా పక్కలకి తోస్తారు, అడుగున మట్టి లేవకుండా. ఒక తోపు, కాసేపు జారడం, మళ్ళీ ఒక తోపు. అలా ఆగి ఆగి తోసే తీరుకి గట్టి పొట్టి రేకు బాగుంటుంది. వెనక్కి ఈదాలన్నా, ఉన్నచోటే తిరగాలన్నా కూడా అదే మేలు. అదే ఫిన్‌ని వెచ్చని నీళ్ళలో, వట్టి కాళ్ళతో, ఆగకుండా కత్తెర తన్నులు తన్నే కొత్తవాళ్ళకి ఇస్తే? అట్లకాడతో పప్పు ఎనపమన్నట్టుంటుంది. అట్లకాడ పల్చగా వంగుతూ అట్టు కిందికి దూరాలి, పప్పుగుత్తి గట్టిగా నిలబడాలి. రెండూ వంటింట్లో ఉండాల్సినవే.

ఆడవాళ్ళు ఈ కథలో ఎక్కడున్నారని మీరు అడగొచ్చు. ఉన్నారు. వియన్నాలో హాన్స్ హాస్ అనే పరిశోధకుడి దగ్గర లోటే బైయెర్ల్ అనే అమ్మాయి కార్యదర్శిగా చేరింది. సముద్ర యాత్రలకి ఆడవాళ్ళు పనికిరారని ఆయన పట్టు. ఆయన ఊళ్ళో లేనప్పుడు ఆ అమ్మాయి కెమెరా పట్టుకుని డాన్యూబ్ నీళ్ళలో దిగి ఫొటోలు తీసి చూపించింది. 1950లో ఎర్రసముద్రం యాత్రకి వెళ్ళింది, షార్క్ చేపల మధ్య ఈదింది, సినిమాలో కనిపించింది, ఆయన్నే పెళ్ళిచేసుకుంది. తర్వాత తన అనుభవాలు పుస్తకంగా రాసింది. ఆవిడ ఫొటోల్లో నేను చూసింది ఆ మొహాన్నీ చేపల్నీ కాదు, ఆ కాళ్ళకున్న ఫిన్స్‌ని. సైనికుల కాళ్ళ కొలతలతో మొదలైన ఆ వస్తువుని తొడుక్కునే ఇలాంటివాళ్ళు తమ చోటు సంపాదించుకున్నారు.

1980ల నుంచి ప్లాస్టిక్ వచ్చాక లోకం మారింది. పాదం పెట్టే చోట మెత్తని రబ్బరు, రేకుకి తేలిక ప్లాస్టిక్, రెండు పక్కలా గట్టి ఈనెలు. విసనకర్రకి ఈనెలుంటాయి చూడండి, అచ్చం అలాగే. ఏ భాగం ఎంత వంగాలో విడివిడిగా నిర్ణయించే వీలొచ్చింది. 1990ల చివర్లో రేకుని నిలువుగా మధ్యకి చీల్చినవి వచ్చాయి. అవి చాలా మెత్తన, మోకాలికి తేలిక. బలంగా తోయాల్సినప్పుడు చేతులెత్తేస్తాయని గట్టి ఫిన్స్ వాళ్ళు వెక్కిరిస్తారు. వాళ్ళ వాదనలు చదువుతుంటే పప్పుచారులో బెల్లం వెయ్యాలా వద్దా అని మా ఇంట్లో జరిగే గొడవ గుర్తొచ్చింది.

నోటి వాదనలు ఎన్నయినా చెప్పొచ్చు, కొలిచి చూసినవాళ్ళు ఎవరని వెతికితే ఇటలీకి చెందిన పావోలా జంపారో అనే శాస్త్రవేత్త కనిపించింది. 2002లో ఆవిడ బృందం అచ్చువేసిన పరిశోధనలో, అంతే వేగానికి ఫిన్స్‌తో ఈదితే అవి లేకుండా ఈదినదాని కంటే ఒంటి శక్తి దాదాపు 40 శాతం తక్కువ ఖర్చవుతుందని తేలింది. కాలి తన్నుల సంఖ్య కూడా దాదాపు అంతే తగ్గింది. నాకు కావలసిన ప్రశ్నని వాళ్ళు 2006లో తీసుకున్నారు. పదిమంది కాలేజీ ఈతగాళ్ళకి వంతులవారీగా చిన్న మెత్తని ఫిన్స్, పెద్ద గట్టి ఫిన్స్, రెండు కాళ్ళకూ కలిపి ఒకే పెద్ద రేకు ఉండే మోనోఫిన్ తొడిగారు, వట్టి కాళ్ళతోనూ ఈదించారు. వట్టి కాళ్ళతో పోలిస్తే శక్తి ఖర్చు గట్టి పెద్దవాటితో సుమారు 50 శాతం తగ్గింది. మెత్తని చిన్నవాటితో 55 శాతం తగ్గింది. మోనోఫిన్‌తో 60.

ఆ 50, 55 అంకెలు చూసి నేను ఒక్కసారి కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. పెద్ద గట్టి ఫిన్‌తో తన్నుల సంఖ్య ఎక్కువ తగ్గిన మాట నిజమే. కానీ ఒక్కో తన్నుకి కాలు పెట్టే కష్టం కూడా లెక్కలోకి వస్తుంది కదా. చివరికి వేగంలో వచ్చిన లాభం ఆ రెండిటికీ సుమారు సమానమే. పైగా ఇవన్నీ సాధన చేసిన ఈతగాళ్ళ కాళ్ళు. ఫలానా లక్షణం ఒక్కటి చూసి ఫిన్ మంచిదో కాదో చెప్పలేమని ఆ పరిశోధకులే తేల్చారు.

ఇది వట్టి అంకెల సరదా కాదు. నీళ్ళ అడుగున కాలి కష్టం అంటే గాలి ఖర్చు. కాళ్ళు ఎంత శ్రమపడితే ఊపిరి అంత వేగంగా తీస్తాం. పది మీటర్ల లోతులో ఒత్తిడి రెట్టింపు కాబట్టి ఒక్కో ఊపిరికి సిలిండరులోంచి రెట్టింపు గాలి పోతుంది. తగని ఫిన్ తొడుక్కున్నవాళ్ళకి గాలి తొందరగా అయిపోతుంది, పిక్క పట్టేస్తుంది, కంగారు పుడుతుంది. కంగారు పుడితే ఊపిరి ఇంకా వేగం. బలం లేదని నవ్వేవాళ్ళు ఈ గొలుసుని ఒక్కసారి ఆలోచించాలి.

మా అమ్మాయికి ఇదంతా ఫోన్లో కొంచెం, ఇంటికొచ్చినప్పుడు కొంచెం చెప్పాను. పిక్క పడితే ఫిన్ కొస చేత్తో పట్టుకుని తనవైపు లాక్కుని కాలు సాచాలని అక్కడ ముందే నేర్పారట. ఆ రోజు ఆ కొస వంగకపోవడంతో లాగడానికీ పట్టు దొరకలేదు. మార్చిలో విశాఖలో మళ్ళీ దిగింది. ఈసారి నాలుగు జతలు తొడిగి చూశాకే నీళ్ళలోకి వెళ్ళింది. పాదం లోపల జారకుండా, వేళ్ళు నొక్కుకోకుండా ఉన్నది, నేలకి ఆనించి వంచితే కొస వైపు ఎక్కువా, మొదట్లో తక్కువా వంగేది తీసుకుంది. నలభై నిమిషాలు అడుగున ఉందట. కొంచెం పొడుగు రేకే, మెత్తనిది. మా అత్తయ్యగారి రెండు వేళ్ళ పరీక్ష మనవరాలికి అబ్బినట్టుంది.

ఇక బాతుకాళ్ళ పేరు పెట్టుకున్న కొరియావాళ్ళ దగ్గరికి వస్తాను. అక్కడ జేజు దీవిలో హెన్యో అనే ఆడవాళ్ళున్నారు. సిలిండర్లు లేకుండా ఊపిరి బిగపట్టి అడుగుకి వెళ్ళి నత్తలు, సముద్రపు నాచు ఏరుకొచ్చి సంసారాలు నడిపినవాళ్ళు. 2016లో యునెస్కో వాళ్ళ సంప్రదాయాన్ని గుర్తించింది. తరతరాలు నూలు బట్టలతో, వట్టి కాళ్ళతో దిగేవారు. చలికి ఎక్కువసేపు ఉండలేక ఒడ్డుకొచ్చి, రాళ్ళు గుండ్రంగా పేర్చిన చోట మంట చుట్టూ కూర్చుని కాళ్ళు కాచుకుని మళ్ళీ దిగేవారు. 1970లలో రబ్బరు సూట్లు వచ్చాయి. సూటు వేస్తే తేలిపోతారు, కాబట్టి నడుముకి సీసం కట్టారు. కాళ్ళకి ఒరిబల్ తొడిగారు. గంటల తరబడి నీళ్ళలో ఉండగలిగారు.

ఇప్పుడు పనిచేసేవాళ్ళలో చాలామంది అరవై దాటినవాళ్ళే, డెబ్బై దాటినవాళ్ళూ తక్కువేమీ లేరు. నేను ఒక వీడియోలో చూశాను. నడుం వంగిన ముసలావిడ రాళ్ళ మీద ఒక్కో అడుగూ ఆచితూచి వేస్తూ నీటి అంచుకి వచ్చింది, ఫిన్స్ చేతిలో పట్టుకుని. అక్కడ కూర్చుని, మనం పొలానికి వెళ్ళేముందు చెప్పులు వేసుకున్నట్టు, రెండూ తొడుక్కుని నీళ్ళలోకి జారింది. ఒక్కసారి తల కిందికి పెట్టింది. రెండు నల్ల రేకులు గాల్లోకి నిటారుగా లేచి, చప్పుడు లేకుండా మునిగిపోయాయి. పైకి వచ్చినప్పుడు వాళ్ళు బిగపట్టిన ఊపిరి వదులుతూ ఈలలాంటి శబ్దం చేస్తారు, దాన్ని 'సుంబిసోరి' అంటారు. నేను ఆ ఈల కోసం ఎదురుచూస్తూ ఊపిరి బిగపట్టాను, ఆవిడకంటే చాలా ముందే వదిలేశాను.